తొంబదితొమ్మిదియు, ఆ ఒక్కటియు

తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చిన ఉపమానము మన సంఘములలో చిన్న పిల్లలకును తెలిసినదే. నూరు గొఱ్ఱెలు గల కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకబోయెను. అది దొరికినప్పుడు భుజములమీద వేసికొని సంతోషముతో ఇంటికి వచ్చెను. ఈ భాగము చదువబడునప్పుడు మన కన్నులు ఆ భుజములమీది గొఱ్ఱెనే చూచును. అయితే ఎండలో వానలో మందను నిజముగా కాచిన మనిషి కొంతసేపు ఊరకుండి ఒక ప్రశ్న అడుగును. మిగిలిన తొంబదితొమ్మిదింటిని ఆయన ఎవరికి అప్పగించి పోయినాడు? లూకా సువార్తలో వాటిని విడిచిన చోటు అడవి, మత్తయి సువార్తలో కొండలు. దొడ్డి అని ఎక్కడను లేదు. అడవిలో తోడేలు ఉండును, కొండమీద లోయ ఉండును. ఇది అవిశ్వాసి ప్రశ్న కాదు. మంద విలువ తెలిసినవాని ప్రశ్న. మన ప్రసంగములలో దానిని దాటిపోవుట అలవాటైనది గనుక ఈ నెల దానియొద్దనే కొంతసేపు నిలుచుదము. నేను దీనిని ఒక రోగమును అడ్డము పెట్టుకొని ఆలోచింపదలచితిని. అది పిల్లల జీర్ణాశయములో బహు అరుదుగా పుట్టు లింఫోమా అను క్యాన్సరు.

మన శరీరములో రోగములతో పోరాడుటకు తెల్లని రక్తకణములు కలవు. వాటిలో లింఫోసైట్లు అను ఒక జాతి కణములు హద్దు మీరి పెరుగుటయే లింఫోమా. మెడలోను, చంకలోను, గజ్జలలోను బిళ్లలుగా కనబడుట దాని సామాన్య రూపము. పిల్లలలో అది కడుపులోనికి దిగినయెడల, ఎక్కువగా చిన్న ప్రేగు పెద్ద ప్రేగు కలియుచోట గడ్డ కట్టును. అన్నము మొదట చేరు సంచియైన జీర్ణాశయములోనే అది మొదలగుట పిల్లలలో మిక్కిలి అపూర్వము. అనుభవముగల పిల్లల వైద్యుడును తన జీవితకాలములో ఒకటి రెండు చూడవచ్చును, అసలు చూడకయు పోవచ్చును.

అరుదైన రోగమునకు ఒక కష్టమున్నది. అది సామాన్యమైన రోగముల వేషము వేసికొని వచ్చును. బిడ్డ కడుపునొప్పి అనును; నులిపురుగులని మందు ఇత్తుము. అన్నము తినడు, దిష్టి తగిలెనందుము. వాంతి చేసికొనును; ఏదో పడలేదందుము. మొగము పాలిపోవును, బరువు తగ్గును, మలము తారువలె నల్లగా వచ్చును. ఆ నలుపు కడుపులో కారిన రక్తమని మన పల్లెలలో చాలమందికి తెలియదు. కొన్ని ఊళ్లలో ఇప్పటికిని కడుపుమీద వాతలు పెట్టుదురు. ఆసుపత్రికి వెళ్లినను ఒక్కొక్కప్పుడు దానిని అల్సరనియు, కడుపులోని క్షయయనియు అనుకొనుట కలదు. మన దేశములో క్షయ ఎక్కువ గనుక ఆ అనుమానము తప్పు కాదు. తప్పు ఎక్కడనగా, మందు వాడుచున్నను బిడ్డ క్షీణించునప్పుడు మరల ప్రశ్న అడుగకపోవుటలో ఉన్నది.

ఇంకొక సంగతి మన గ్రామములలో ప్రత్యేకముగా చెప్పవలెను. ఊరిలో సూది వేయువారు కొందరు త్వరగా గుణము కనబడవలెనని స్టెరాయిడు మందు ఇత్తురు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ అనునవి ఆ జాతివి. లింఫోమా ఉన్న బిడ్డకు అవి ఇచ్చినయెడల గడ్డ కొంత కరగును, ఆకలి పుట్టును, ఇంటివారు దేవునికి స్తోత్రము చెప్పుదురు. అయితే కరగినది కొంతయే. తరువాత పరీక్షకు తీసిన ముక్కలో రోగము సరిగా కనబడక వైద్యుడు తికమకపడును; రోగము మాత్రము మరల లేచును. కాబట్టి, కారణము తెలియని గడ్డకు పరీక్షకు ముందు స్టెరాయిడు వేయవద్దని ధైర్యముగా చెప్పవలెను.

నిజము తెలిసికొను మార్గము ఎండోస్కోపీ. దీపమును కన్నును గల సన్నని గొట్టమును, బిడ్డకు మత్తు ఇచ్చి, నోటిగుండ జీర్ణాశయములోనికి దింపుదురు. పుండు కనబడినచోట చిన్న చిన్న ముక్కలు అనేకము తీయుదురు. పైపొరలో ఏమియు దొరకక లోపల రోగముండుట కలదు గనుక కొన్నిసార్లు మరల తీయవలసివచ్చును. ఆ ముక్కలకు రంగులు పట్టించి, ఇది ఏ జాతి లింఫోమాయో నిర్ణయింతురు. స్కాను తీసి అది ఎంతవరకు ప్రాకెనో చూతురు. ఎముకలోని మూలుగను, వెన్నునీటిని కూడ పరీక్షింతురు. ఇంత శ్రమ ఎందుకని తండ్రి విసుగుకొనవచ్చును. ఎందుకనగా పేరు మారినయెడల చికిత్సయే మారిపోవును. జీర్ణాశయపు లింఫోమాలలో నెమ్మదిగా పెరుగు జాతి ఒకటి కలదు. అది హెలికోబ్యాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి చిరకాలము కడుపులో కాపురముండుటవలన పుట్టును. ఆ సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అను ఇద్దరు వైద్యులు కనుగొనిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. సూక్ష్మజీవిని చంపు మాత్రలు కొద్దివారములు మ్రింగినంతనే ఆ జాతి గడ్డ అనేకులలో కరగిపోవుట చూచియున్నారు. ఇది పెద్దవారిలో ఎక్కువ, పిల్లలలో తక్కువ. పిల్లలలో సాధారణముగా కనబడునది దానికి భిన్నమైన బర్కిట్ లింఫోమావంటి ఉగ్రజాతి. అది ఒకటి రెండు దినములలోనే రెట్టింపు కాగలదు. ఒకని గోధుమలు మరియొకని గురుగులు ఒకే రంగులో మొలచినట్లు, ఈ రెండును పైకి ఒకేవిధముగా ఉండును.

అంత వేగముగా పెరుగునది అంత వేగముగా మందుకు లొంగును. ఇది ఈ రోగములోని వింత. శస్త్రచికిత్స చేసి జీర్ణాశయమును తీసివేయుట ఇప్పుడు సాధారణముగా అవసరము లేదు. రక్తము ఆగకుండ కారినప్పుడో, సంచికి చిల్లి పడినప్పుడో మాత్రమే కత్తి పట్టుదురు. ముఖ్య చికిత్స నరములోనికి ఎక్కించు మందులు: సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, ప్రెడ్నిసొలోన్ మొదలైనవి కలిపి, కొన్ని నెలలపాటు విడతలు విడతలుగా ఇత్తురు. పరీక్షకు ముందు హాని చేయు స్టెరాయిడు పరీక్ష తరువాత, మిగిలిన మందులతో కలిసి, మేలు చేయుటను గమనింపుడు. ఈ మధ్యకాలములో రిటుక్సిమాబ్ అను మందును చేర్చుచున్నారు. మొదటి దినములు మిక్కిలి అపాయకరము. చచ్చిన కణములు కుప్పలుగా కరగి లవణములు రక్తములోనికి వచ్చి మూత్రపిండములను మూసివేయగలవు గనుక, ముందుగానే నీరు ఎక్కించి, రక్తములోని భాస్వరమును, పొటాషియమును మాటిమాటికి కొలుచుదురు. ధనిక దేశములలో ఈ జాతి లింఫోమా వచ్చిన పిల్లలలో 10 మందిలో 9 మంది వరకు బ్రదుకుచున్నారు. మన దేశములో అంతమంది బ్రదుకకపోవుటకు మందు వేరగుట కారణము కాదు. ఆలస్యముగా వచ్చుట, ఒంటిలో సత్తువ లేకుండుట, చికిత్స మధ్యలో ఇంటికి పోవుట అనునవి కారణములు.

విన్‌క్రిస్టిన్ దేనినుండి వచ్చునో చెప్పినయెడల మీరు ఆశ్చర్యపడుదురు. మన పెరళ్లలోను, సమాధుల తోటలలోను ఎవరును నీరు పోయకయే పూయు బిళ్లగన్నేరు నుండి. (ఆకు నమలినయెడల గుణము కలుగునని ఎవరును తలంపవద్దు. అది విషము. మందును బహు పరిమాణము ఆకునుండి బహు స్వల్పముగా తీయుదురు.)

ఇప్పుడు ప్రశ్నకు వత్తుము.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము అంచున, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి రోగమును విచారించుటకు ఏర్పడిన చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు మారి, తరువాత ఈ పేరు పొందెను. విటమిన్ ఎ లోపమువలన చీకటి పడగానే చూపు మందగించి, పిమ్మట గ్రుడ్డివారగు పిల్లలకు ఆరు నెలలకొకసారి ఆ విటమిన్ పెద్ద మోతాదుగా త్రాగించినయెడల మేలు కలుగునని అక్కడివారి పరిశోధన చూపెను. దానినిబట్టి 1970లో దేశమంతట ఆ కార్యక్రమము ఆరంభమాయెను. ఒక చెంచా మందు, బహు స్వల్పమైన ఖర్చు, లెక్కలేనన్ని కన్నులు. అక్కడినుండి విద్యానగరము మీదుగా కొద్ది కిలోమీటర్లు వచ్చినయెడల ముషీరాబాదు. పూర్వము కారాగారము ఉన్న స్థలములో, 2003 నుండి, గాంధీ ఆసుపత్రి అక్కడ నిలిచియున్నది. ఆ వరండాలో పల్లెనుండి వచ్చిన ఒక తండ్రి, మడిచిన దుప్పటిమీద బిడ్డను పండుకొనబెట్టి, పరీక్ష కాగితము కొరకు కాచుకొని యున్నాడని ఊహించుకొందము. పేరు అక్కరలేదు. అట్టివారు ఏ దినమైనను అక్కడ ఉందురు.

లెక్క తెలిసిన పెద్దమనిషి ఒకడు ఈ రెండు చోట్లను చూచి ఇట్లనును: "నాయనా, నీ బిడ్డమీద నాకు పగ లేదు. అయితే లక్షలో ఒకనికి వచ్చు రోగమునకు ఇంత ధనము పోయుట న్యాయమా? అదే ధనముతో తార్నాకవారి చెంచా మందు ఎందరి కన్నులు నిలుపును? విరేచనములు పట్టిన పిల్లలకు ఉప్పు పంచదార నీళ్లు ఎన్ని వేల గ్లాసులగును? నీవు ఒక్కనికై ఏడ్చుచున్నావు. నేను తొంబదితొమ్మిదిమందికై ఏడ్చుచున్నాను."

ఈ మాటను దుర్మార్గుని మాటగా చిత్రించుట నాకు ఇష్టము లేదు. ఆయన కఠినుడు కాడు. ధనము అంతులేనిదని మాటలాడువారికంటె ఆయనయే సత్యమునకు దగ్గరగా ఉన్నాడు. జాతి యొక్క పెట్టెలోనుండి ఖర్చుచేయు అధికారి ఈ లెక్క చూడవలసినదే. చూడనివాడు, కనబడిన బిడ్డకు అంతయు ఇచ్చి, కనబడని పిల్లలను చీకటిలో విడుచును. మందను అడవిలో విడిచినాడని కాపరిని అడిగిన ప్రశ్న ఇదియే.

అయితే ఆయన లెక్కలో ఒక పొరపాటు ఉన్నది. ఒక్కనికి చేసినది ఒక్కనితోనే ఆగిపోవునని ఆయన అనుకొనుచున్నాడు. నిజముగా జరిగినది చూడుడు.

1949లో హైదరాబాదులో రాకుమార్తె నీలోఫరు పరిచారికలలో ఒకతె ప్రసవసమయమందు సరియైన వైద్యము లేక మరణించెను. ఆ ఒక్క పరిచారిక మరణము ఆమె మనస్సును పట్టుకొని విడువలేదు. దానిఫలముగా లేచినది ఆమె పేరుగల తల్లీపిల్లల ఆసుపత్రి. తెలుగుదేశమంతటినుండి తల్లులు బిడ్డలను ఎత్తుకొని నేటికిని అక్కడికే పరుగెత్తుదురు. ఒక్కతె చనిపోకమునుపు ఆ తొంబదితొమ్మిదిమంది ఎవరి కంటికిని కనబడలేదు.

ఇంకొకటి. 1928 ప్రాంతములో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీలకు పట్టుచున్న రక్తహీనతను పరిశీలించెను. కొంత పని కూనూరులోను చేసెను. మార్మైట్ అను ఈస్టు ముద్ద తిన్న స్త్రీలు కోలుకొనిరి. ఆ ముద్దలోనున్న మేలేమిటో ఆమెకు అప్పుడు తెలియలేదు; తరువాత దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. ఇది తొంబదితొమ్మిదిమంది కొరకు చేసిన పని, తార్నాక జాతి పని. ఇక మనవాడు యల్లాప్రగడ సుబ్బారావు సంగతి. 1895లో భీమవరములో పుట్టెను. అతని ఇద్దరు సహోదరులు స్ప్రూ అను జీర్ణరోగముచేత కొద్దిదినముల తేడాలో చనిపోయిరి. అతడును అదే రోగముతో చావుదాక పోయి, ఆచంట లక్ష్మీపతిగారి వైద్యముచేత బ్రదికెను. మామగారి సహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయముతోను 1923లో అమెరికాకు వెళ్లెను. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే అను గురువుతో కలిసి 1925లో ప్రకటించెను. లెడర్లే సంస్థలో అతని నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసెను. పిమ్మట దానిని పోలియుండి దాని పనిని చెరుపు మందులను కూడ చేసెను. వాటిలో ఒకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను పిల్లల వైద్యుడు రక్తక్యాన్సరుతో చావనున్న 16 మంది పిల్లలకు ఇచ్చినప్పుడు 10 మందికి, తాత్కాలికముగానైనను, గుణము కనబడెను. ఆ సంగతి 1948 జూనులో అచ్చయ్యెను. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. ఆ మందుల తోబుట్టువే మెథోట్రెక్సేట్, మన తండ్రి బిడ్డకు ఎక్కింపబడునది.

గమనించితిరా? మిల్లు స్త్రీల రక్తహీనతకు వెదకిన పోషకాహారము, అరుదైన పిల్లల క్యాన్సరుకు మందైనది. తొంబదితొమ్మిది మందిని కాచినవారు ఎరుగకయే ఆ ఒక్కనికి దారి వేసిరి. తిరుగుడు దారియు అట్లే. బిడ్డ మొదటి చికిత్సలో చావకుండ నిలుచుటకు ఒంటిలో బలము కావలెను. పోషణలేని బిడ్డ మందుచేతనే చావవచ్చును. కాబట్టి తార్నాక పని సరిగా జరిగిననే ఈ ఆసుపత్రి పని ఫలించును.

బర్కిట్ అను పేరు చెప్పితిని గనుక ఆయనను గూర్చియు రెండు మాటలు. డెనిస్ బర్కిట్ ఐర్లండువాడు, భక్తిగల క్రైస్తవుడు. బాల్యమందే ప్రమాదములో ఒక కన్ను పోయినవాడు. ఒంటికంటివాడని మొదట దొరతనమువారు పంపుటకు ఒప్పుకొనలేదు. 1957లో ఉగాండాలోని ములాగో ఆసుపత్రిలో రెండు దవడలును ఉబ్బిన ఒక బిడ్డను తోటి వైద్యుడు ఆయనకు చూపెను. కొన్ని వారములకు జింజా అను ఊరిలో మొగము ఉబ్బిన మరియొక బిడ్డను చూచి, కడుపు తడిమి చూడగా అక్కడను గడ్డలు ఉండెను. ఒక్క బిడ్డ వింత, ఇద్దరు బిడ్డలు ఒక ప్రశ్న. 1958లో ఆ సంగతి ప్రకటించెను. 1961లో ఇద్దరు స్నేహితులతో పాత ఫోర్డు కారులో 10,000 మైళ్లు తిరిగి, ఏ ఊళ్లలో ఈ రోగమున్నదో ఏ ఊళ్లలో లేదో పటము గీచెను. ఆ పటము దోమల దేశపు పటమువలె ఉండెను. (1897లో మన సికిందరాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను గదా. ఆఫ్రికాలోని ఈ రోగమునకు మలేరియా కొంత తోడ్పడునని తరువాత తేలెను. మన పిల్లలలో కనబడు తెగకు సాధారణముగా ఆ సంబంధము లేదు.) బర్కిట్ పంపిన గడ్డ ముక్కలలోనే 1964లో ఎప్‌స్టైన్, అచాంగ్, బార్ అనువారు మనుష్యుల క్యాన్సరుతో ముడిపడిన మొదటి వైరసును చూచిరి. ఇదంతయు దవడ ఉబ్బిన ఒక పల్లె బిడ్డను పోనిమ్మని అనకపోవుటవలన జరిగెను.

కాబట్టి పెద్దమనిషికి నేను చెప్పు జవాబు ఇది. అధికారిగా నీవు లెక్క చూడుము. నీ లెక్కలో చెంచా మందు ముందు రావలెను. అయితే ఆ లెక్కను ముషీరాబాదు వరండాలోనున్న తండ్రి ఎదుట చదువకుము. జాతి పెట్టె తండ్రి చేతిలో లేదు. అతని చేతిలోనున్నది బిడ్డ చేయి.

ఇంతవరకు చెప్పుట సులభము. అయితే ఆ తండ్రి ఇంటిలో ఇంకను ముగ్గురు బిడ్డలున్నారని చెప్పితిమా? ఇప్పుడు ఉపమానము తిరగబడును. అతడే కాపరి, ఇంటనున్న ముగ్గురే అతని తొంబదితొమ్మిది. ఎకరము భూమి ఉన్నది, ఒక గేదె ఉన్నది. గేదెను అమ్మినయెడల చిన్నదానికి పాలు లేవు. భూమి అమ్మినయెడల పెద్దవాడు బడి మాని కూలికి పోవలెను. తల్లి ఆసుపత్రిలో ఉన్నన్ని నెలలు ఇంట పొయ్యి ఎవరు రాజవేయుదురు? ఒక్క బిడ్డకొరకు ముగ్గురిని అడవిలో విడుచుట ప్రేమయా? ముగ్గురి కొరకు ఒక్కని విడుచుట ప్రేమయా? ఈ తండ్రి ఏది చేసినను జీవితమంతయు తన్ను తాను నిందించుకొనును. బయటనుండి ఎవరును అతనికి తీర్పు తీర్చరాదు. బిడ్డను తీసికొని ఇంటికి వచ్చిన తండ్రిని విశ్వాసము లేనివాడని ప్రార్థన కూటములో అనుటకంటె క్రూరమైనది నాకు తోచదు.

నేను ఎంత ఆలోచించినను నాకు తోచినది ఇదియే. ఈ ప్రశ్నకు జవాబు లేకపోవుటకు కారణము దానిని ఒంటరి మనిషికి వేయుటయే. ఉపమానపు కాపరి తిరిగి వచ్చి, పొరుగువారిని స్నేహితులను పిలిచి సంతోషింపుడనెను. అనగా అతనికి పొరుగువారుండిరి. వారున్నచోట, ఆ రాత్రి తొంబదితొమ్మిదింటిని ఎవరు చూచిరో ఊహించుట అంత కష్టము కాదని నా తలంపు. లేఖనము ఆ సంగతి చెప్పలేదు. నేను చెప్పినది నా ఊహ మాత్రమే. అయినను మన పల్లెలలో ఒకని మందను మరియొకడు చూచుట ఎవరికి తెలియదు?

ఇందులో దొరతనమువారు కొంత చేసిరి. 2007లో ఆంధ్రప్రదేశములో ఆరోగ్యశ్రీ మొదలాయెను. పేదవారు క్యాన్సరువంటి పెద్ద రోగములకు చేయి జాపకుండ చికిత్స పొందు మార్గమది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలు చేసిరి. రెడ్‌హిల్సులో 1955 నుండి ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వపు ఆసుపత్రి. కాబట్టి మందుకొరకు భూమి అమ్మవలసిన అవసరము మునుపటంత లేదు. ఈ సంగతి తెలియకయే అప్పు చేయువారు ఇంకను ఉన్నారు. కాగితములు వ్రాయగల యౌవనస్థులు ఇట్టివారికి తోడు పోవుట మేలు. అయితే బస్సు చార్జీలు, తండ్రి పోగొట్టుకొను కూలి, తల్లి తిను భోజనము, ఇంటనున్న ముగ్గురి గంజి ఏ కార్డు మీదను సరిగా వ్రాయబడవు. చాలమంది చికిత్స మధ్యలో మానుటకు మందు ఖరీదుకంటె ఈ చిన్న ఖర్చులే కారణము. కొన్ని సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము పోయునప్పుడు పిడికెడు తీసి వేరుగా ఉంచు అలవాటు ఉన్నది. ఆ కుండలోని బియ్యము గోపురమునకు రంగు వేయుటకును పోవచ్చును, ఆ ఇంటి పొయ్యికిని పోవచ్చును.

మూడవ విడత నాటికి వచ్చు శోధన వేరు. గడ్డ చేతికి తగలదు. బిడ్డ అన్నము అడుగుచున్నాడు. జుట్టు మాత్రము రాలిపోయెను, నోరు పూసెను, ప్రతి విడతకు బలహీనపడుచున్నాడు. తండ్రి అనును: "రోగము పోయెను గదా డాక్టరమ్మా, ఇంక మందు వేసి వానిని ఎందుకు చంపవలెను?" ఈ మాట మూర్ఖత కాదు, కన్నుతో చూచినది నమ్ముట మనుష్యుని స్వభావము. రైతుకు చెప్పవలసిన రీతిగా చెప్పిన అర్థమగును. తుంగ పీకినప్పుడు చేను శుభ్రముగానే కనబడును. గడ్డలు నేలలోనే ఉండును. మరల లేచినప్పుడు మొదటి మందుకు అది అంత సులభముగా లొంగదు. అందుకే విడతలన్నియు పూర్తి చేయవలెను.

స్వస్థత ప్రార్థనకు తీసికొనిపోయి మందు మాన్పించుటయు ఈ దశలోనే ఎక్కువ జరుగును. హిజ్కియా రాజు ప్రార్థించెను. ఆయన ప్రార్థన వినబడెను. అయినను యెషయా ప్రవక్త పుండుమీద అంజూరపు ముద్ద వేయించెను. ప్రార్థనకు జవాబుగా వచ్చినది ఒక కట్టు. ఇంతకంటె ఎక్కువ ఈ సంగతి మీద వాదింపవలసినది లేదు.

ఎన్ని చేసినను కొందరు పిల్లలు బ్రదుకరు. రోగము మరల లేచి మందులకు లొంగనప్పుడు ఇంకొక మందు, ఇంకొక ఊరు అని తిరుగుట ప్రేమవలె కనబడును గాని, కొన్నిసార్లు అది బిడ్డ కొరకు కాక మన భయము కొరకు చేయునదగును. అప్పుడు చికిత్స లేదని అనరాదు. నొప్పి తీయుట కూడ చికిత్సయే. మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రిలో అట్టి ఉపశమన వైద్యము చేయు విభాగము కలదు. మార్ఫిను అను మందును సరిగా ఇచ్చినయెడల బిడ్డ మూలుగక, తల్లి ఒడిలో మాటలాడుచు ఉండగలడు. మార్ఫిను ఇచ్చుట బిడ్డను చంపుటయని భయపడువారున్నారు. అది నిజము కాదు. ఆ బిడ్డ తనకేమాయెనని అడిగినప్పుడు అబద్ధము చెప్పవలెనా అను ప్రశ్న వేరొక నెలకు ఉంచదగినంత పెద్దది. ఒక్క సంగతి మాత్రము. పిల్లలు మనము తలంచినదానికంటె ముందుగానే ఎరుగుదురు. దాచుటవలన వారికి కలుగునది ఒంటరితనమే.

బ్రదికి ఇంటికి వచ్చిన బిడ్డ సంగతి ఒకటి మిగిలినది. బోడితలతో బడికి వెళ్లును. ప్రక్కన కూర్చుండుటకు పిల్లలు జంకుదురు, వారి తల్లులు వద్దని చెప్పియుందురు. లింఫోమా అంటురోగము కాదు. ఒకే కంచములో తినినను రాదు. జాగ్రత్త అతనినుండి మనకు కాదు, మననుండి అతనికి. చికిత్స జరుగుచున్న నెలలలో దగ్గు జలుబు ఉన్నవారు అతని దగ్గరకు పోరాదు. జ్వరము వచ్చినయెడల తెల్లవారుదాక ఆగక, ఆ రాత్రియే, ఊరిలో సూది వేయించకుండ, ఆసుపత్రికి చేర్చవలెను. కాబట్టి ఆ ఇంటికి దగ్గరలో బండి ఎవరికున్నదో, రాత్రివేళ ఎవరు నడుపుదురో, ఇంటనున్న ముగ్గురు ఆ రాత్రి ఎవరింట పండుకొందురో సంఘపెద్దలు ముందుగానే మాటలాడి ఉంచవలెను. మందు ఆపిన కొన్ని నెలలకు జుట్టు మరల వచ్చును, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె ఒత్తుగా.